ఎరాస్మస్ ప్లస్ గ్రాంటు: ఒకసారి పోయింది, రెండోసారి వచ్చింది

2023 ఆగస్టులో వచ్చిన ఫలితం మెయిల్ ఇప్పటికీ దాచుకున్నాను. యూరోపియన్ యూనియన్ విద్యా పథకం ఎరాస్మస్ ప్లస్‌లో గ్రాంటు కోసం మేం పెట్టిన దరఖాస్తుకు నూటికి 57 మార్కులు పడ్డాయి. కనీసం 60 వస్తేనే నిధుల పరిశీలనకు వెళుతుంది. ఆ రోజు స్టాఫ్ రూంలో ఎవరితోనూ మాట్లాడలేకపోయాను. ఆరు నెలలపాటు రాత్రిళ్లు కూర్చుని చేసిన పని అది.

భీమవరం దగ్గర ఒక అటానమస్ డిగ్రీ కాలేజీలో ఆక్వాకల్చర్, అంటే చేపలు రొయ్యల పెంపకం, చెబుతాను. ఎరాస్మస్ అనగానే మన పిల్లలకు యూరప్‌లో మాస్టర్స్ స్కాలర్‌షిప్పే గుర్తొస్తుంది. మేం పెట్టింది అది కాదు. అదే పథకంలో 'కెపాసిటీ బిల్డింగ్ ఇన్ హయ్యర్ ఎడ్యుకేషన్' అని ఒక భాగం ఉంది. యూరప్ విశ్వవిద్యాలయాలూ మనలాంటి దేశాల కాలేజీలూ కలిసి సిలబస్ మార్చుకోవడానికి, అధ్యాపకులకు శిక్షణ ఇవ్వడానికి, ల్యాబులు పెట్టుకోవడానికి అందులో డబ్బిస్తారు. ఇలాంటి ప్రాజెక్టుల అనుభవం అంతగా లేని కాలేజీలకు అందులో స్ట్రాండ్ 1 అనే విభాగం అనువైనది. అందులో ప్రాజెక్టుకు 2 లక్షల నుంచి 4 లక్షల యూరోలు. ఒక్క దేశం కోసం చేసే ప్రాజెక్టయితే యూరప్ వైపు కనీసం రెండు దేశాల నుంచి ఒక్కో సంస్థ, మన వైపు కనీసం రెండు సంస్థలు ఉండాలి. యూరప్ సంస్థల సంఖ్య మన సంస్థల కంటే ఎక్కువ కాకూడదు. ఆ నియమం నాకు చాలా నచ్చింది. మా వైపు మూడు కాలేజీలు, వాళ్ల వైపు రెండు సంస్థలు: బెల్జియం నుంచి ఒకటి, గ్రీస్ నుంచి ఒకటి.

ఎందుకు పోయిందో ఫలితంతో వచ్చిన నివేదికలోనే ఉంది. మొత్తం వందలో 'ప్రాజెక్టు అవసరం' అనే అంశానికే 30 మార్కులు, మేం దెబ్బతిన్నది అక్కడే. ఏ కాలేజీకి ఏ లోటుందో తెలియడం లేదని, అంతా సాధారణంగా ఉందని రాశారు. నిజమే. రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలో మొదటి స్థానంలో ఉందనీ, నైపుణ్యం గల యువత కావాలనీ రెండు పేరాలు పంపి ఊరుకున్నాం. ఆ అంశంలో మిగతాది బెల్జియం వాళ్లు రాసుకున్నారు. మన చెరువుల గురించి, మన పిల్లల గురించి వాళ్లకేం తెలుస్తుంది? అది మేం చెప్పాల్సిన మాట.

సెప్టెంబరులో పాత విద్యార్థుల జాబితా పట్టుకుని బయల్దేరాను. మేత కంపెనీల్లో టెక్నీషియన్లుగా ఉన్నవాళ్లు, రొయ్య పిల్లల్ని తయారు చేసే హేచరీల్లో ఉన్నవాళ్లు, భీమవరం ఆక్వా ల్యాబుల్లో ఉన్నవాళ్లు. ఒక కుర్రాడు చెప్పిన మాట మర్చిపోలేను: "మాస్టారూ, పీసీఆర్ మిషను నేను మొదటిసారి చూసింది ఉద్యోగంలో చేరాకేనండి. శాంపిల్‌లో కంటామినేషన్ ఎలా వస్తుందో తెలీక మొదటి నెలలో తప్పుడు రిపోర్టిచ్చాను. ఆ రైతు బాగున్న సీడు పారబోసుకున్నాడు."

పీసీఆర్ అంటే వైరస్ ఉందో లేదో పట్టే పరీక్ష, సీడంటే చెరువులో వదిలే రొయ్య పిల్లలు. ఆ పిల్లాడికి మూడేళ్లు పాఠం చెప్పింది నేనే. రొయ్యల్ని చంపే వైట్ స్పాట్ వైరస్ గురించి బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్పాను.

ఆకివీడు వైపు ఒక రైతుని చెరువు గట్టు మీద కలిశాను. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతున్నాయి. "మీ కుర్రోళ్లొచ్చి డీవో, అదేనండి నీళ్లలో ఆక్సిజన్, చూస్తారండి, మందు రాసిస్తారు. ఎందుకెయ్యాలి బాబూ అంటే కంపెనీ వాళ్లు చెప్పారంటారు. రొయ్యల పట్టుబడి అయ్యాక సరుకులో యాంటీబయాటిక్ తేలిందని ధర తగ్గించేస్తే ఎవర్నడగాలండి నేను?" అన్నాడు.

మాకు కావలసిన అవసరాల విశ్లేషణంతా ఆ ప్రశ్నలోనే ఉంది. మన చెరువు రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాలు దొరుకుతున్నాయని యూరోపియన్ యూనియన్ 2016లో తమ సరిహద్దుల్లో పరీక్షించే కన్‌సైన్‌మెంట్ల (ఎగుమతి లోడ్ల) వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. అంటే ఈ చదువు లోటు మన రైతుదే కాదు, వాళ్ల భోజనం బల్లదాకా వెళ్లేది. మొదటి దరఖాస్తులో ఈ మాటే లేదు!

తర్వాత మూడు కాలేజీల సిలబస్‌లూ ముందేసుకుని పట్టిక తయారు చేశాం. రోగ నిర్ధారణకు థియరీ ఎన్ని గంటలు, ప్రాక్టికల్ ఎన్ని గంటలు, ఏ పరికరం ఉంది, అది పనిచేస్తోందా, దాన్ని వాడటం వచ్చిన అధ్యాపకులు ఎందరు. ఐదు వారాలు పట్టింది. ప్రాక్టికల్ గంటల గడిలో చాలా చోట్ల సున్నా వేయాల్సి వచ్చింది. మా కాలేజీ పరువు పోతుందేమోనని ఒక సహోద్యోగి భయపడ్డారు. నేను దిద్దనివ్వలేదు. సున్నా ఉంటేనే గ్రాంటు అడగడానికి కారణముంటుంది.

ఇక కాగితాల సంగతి. నా మాటగా చెబుతున్నాను, మన దగ్గర ట్రస్టులూ సొసైటీలూ నడిపే కాలేజీలకు దరఖాస్తు రాయడం కంటే ఇదే పెద్ద పని. ముందుగా యూరప్ పోర్టల్‌లో సంస్థను గుర్తించే తొమ్మిదంకెల పిక్ నంబరు కావాలి. కాలేజీ పేరుతో తీసుకోబోతే, చట్టప్రకారం కాలేజీ విడి సంస్థ కాదని, రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న సొసైటీ పేరే పెట్టాలని తేలింది. పైగా ఎవరో ఏళ్ల కిందట మా పేరుతో ఒక నంబరు తీసుకుని వదిలేశారు. దాన్ని వెతికి పట్టుకుని సరిచేయించుకున్నాం.

అసలు చిక్కు ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం. మొదటిసారి దరఖాస్తు పెట్టే ముందు వారం బడ్జెట్ పట్టికను మా ఆడిటర్ గారికి చూపించాను. భారత కాలేజీల వాటా మొత్తం మా ఖాతాకు వస్తుంది, మేం మిగతా ఇద్దరికీ పంచుతాం అని అందులో ఉంది. ఆయన కళ్లజోడు తీసి, "ఇలా కుదరదండీ. 2020 సవరణ తర్వాత విదేశీ విరాళాన్ని ఒక సంస్థ ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. అసలు మీ సొసైటీకి ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషనే లేదు కదా?" అన్నారు. పట్టిక మార్చాం. యూరప్ సమన్వయకర్త నుంచి ఎవరి వాటా వాళ్ల ఖాతాకే నేరుగా రావాలి.

రిజిస్ట్రేషన్‌కు 2023 ఏప్రిల్‌లో దరఖాస్తు చేశాం. సొసైటీ పెట్టి మూడేళ్లు నిండాలి, గడిచిన మూడేళ్లలో తన ఆశయాల కోసం కనీసం 15 లక్షలు ఖర్చు పెట్టి ఉండాలి, ఆఫీసు బేరర్లందరి ఆధార్లూ, స్వచ్ఛంద సంస్థల ప్రభుత్వ పోర్టల్ ఇచ్చే దర్పణ్ ఐడీ కావాలి. డబ్బు వచ్చి పడే ఖాతా మాత్రం ఢిల్లీలో స్టేట్ బ్యాంక్ న్యూఢిల్లీ మెయిన్ బ్రాంచిలోనే ఉండాలి. పత్రం చేతికొచ్చేసరికి 2024 జనవరి. గ్రాంటు వచ్చాక చూద్దాంలే అనుకుని ఉంటే ప్రాజెక్టు మొదలయ్యే రోజుకు మా చేతులు ఖాళీగా ఉండేవి.

మేనేజ్‌మెంటుకు అర్థం కావడానికి సమయం పట్టింది డబ్బు తీరు. యూరోపియన్ యూనియన్ ఇచ్చేది ఎక్కువలో ఎక్కువ 90 శాతం, మిగతాది భాగస్వాములే భరించాలి. మొత్తాన్ని ముందే ఖాయం చేసి వర్క్ ప్యాకేజీలకు, అంటే ప్రాజెక్టులోని పని భాగాలకు, పంచుతారు. ఏదైనా ప్యాకేజీ పూర్తి కాకపోతే దాని డబ్బు చెల్లించరు. "బిల్లులు చూపిస్తే సరిపోదా?" అని కార్యదర్శి గారు రెండు మూడుసార్లు అడిగారు. బిల్లు కాదండీ, పని చూపించాలి అని చెప్పాను. అందుకే మాట ఇచ్చినవి తగ్గించాం. మొదటిసారి పదకొండు కొత్త కోర్సులు రాశాం. రెండోసారి నాలుగే. ఆ నాలుగింటికీ మా సిలబస్ ఖాయం చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ ముందే తీర్మానం చేసింది. అటానమస్ కాలేజీ కాబట్టి అది మా చేతిలో పని. యూనివర్సిటీ సిలబస్‌తో నడిచే అఫిలియేటెడ్ కాలేజీలైతే యూనివర్సిటీని ముందే కలుపుకోవాలి, లేకపోతే రాసిన సిలబస్ కాగితం మీదే ఉండిపోతుంది.

2024 ఫిబ్రవరి 8. రెండో దరఖాస్తుకు బ్రస్సెల్స్‌లో సాయంత్రం 5 గంటలు గడువు, మనకు రాత్రి 9:30. సమన్వయకర్త మధ్యాహ్నమే సమర్పించారు. అయినా ఆ రాత్రి గడియారం చూస్తూనే ఉన్నాను.

ఆగస్టులో మళ్లీ మెయిలు. ఈసారి 78. అవసరం విభాగంలో ముప్పైకి 25. మూడు కాలేజీల పట్టికనూ, రైతులతో మాట్లాడిన భాగాన్నీ ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. నేను ముందు ఫోన్ చేసింది ప్రిన్సిపాల్ గారికి కాదు, తప్పుడు రిపోర్టు సంగతి చెప్పిన ఆ కుర్రాడికి. కాసేపు మాట్లాడలేదు వాడు. తర్వాత, "ఆ ల్యాబులో పిల్లలకి ఒక రోజు నేనొచ్చి చెప్పొచ్చాండి?" అన్నాడు.

2025 జనవరిలో ప్రాజెక్టు మొదలైంది. పీసీఆర్ మిషను వచ్చాక పెట్టిన మొదటి ప్రాక్టికల్ వాడిదే. పాఠం పేరు కూడా వాడే పెట్టాడు: 'శాంపిల్ ఎక్కడ పాడవుతుంది'.