ఎత్తుకొచ్చిన అమ్మవారి ఊరు

కారు ఊరి బయటే పెట్టమన్నారు. సూట్‌కేసు లాక్కుంటూ బయల్దేరాను. వాలు వీధి, ఎగుడుదిగుడు రాళ్లు. నాలుగడుగులు వేశానో లేదో ఒక చక్రం ఊడి, దొర్లుకుంటూ కిందికి పోయింది. దాని వెనక పరిగెత్తడమే కోంక్‌లో నేను చేసిన మొదటి పని.

దక్షిణ ఫ్రాన్స్‌లో అవేరోన్ జిల్లా ఇది. రొదేస్ పట్నం నుంచి సుమారు 40 కిలోమీటర్లు, చివర్లో అన్నీ మలుపులే. ఊష్ వాగు దుర్దూ నదిలో కలిసే చోట, కొండవాలును కరుచుకుని ఉంటుంది ఊరు. లోయ చిప్ప ఆకారంలో ఉందని లాటిన్‌లో ‘కోంకా’ అన్నారట. మన శంఖానికి ఆ మాట దూరపు చుట్టమే. ఇళ్లమీద పెంకులుండవు. పలకలుగా చీలే కొండరాయినే చేప పొలుసుల్లా పేర్చారు.

ఈ మూలకి అంత పెద్ద చర్చి ఎందుకొచ్చిందంటే, దొంగతనం వల్ల! అజెన్ అనే వేరే ఊళ్లో ఫ్వా అనే పన్నెండేళ్ల పిల్లని, తన క్రైస్తవ మతం వదలనన్నందుకు రోమన్లు చంపారని చెబుతారు. ఆమె అస్థికలు అక్కడే ఉండేవి. కోంక్ మఠం సన్యాసి ఒకాయన అక్కడ చేరి, పదేళ్లు నమ్మకంగా మెలిగి, సమాధికి కాపలాదారై, 866లో వాటిని మూటగట్టుకొచ్చాడని కథ. ఆ తర్వాత భక్తులు వరద కట్టారు. స్పెయిన్‌లోని కొంపొస్తేలా పుణ్యక్షేత్రానికి నడిచెళ్లేవాళ్లకి ఇదొక మజిలీ అయింది.

చర్చి పక్కన మ్యూజియంలో ఆ అమ్మాయి విగ్రహం చూశాను. 85 సెంటీమీటర్లే. చెక్కమీద బంగారు రేకు, ఒంటినిండా భక్తులిచ్చిన రాళ్లు. కలలో కనబడి ‘నీ ఉంగరం నాకివ్వు’ అని అడిగేదట! అచ్చం మన ఊళ్లో మొక్కులు వసూలు చేసే అమ్మవారే. మొహం మాత్రం ఆడపిల్లది కాదు. ఏదో పాత రోమన్ విగ్రహం తల తెచ్చి అతికించారు.

చర్చి గుమ్మం పైన 12వ శతాబ్దపు శిల్పం, అంతిమ తీర్పు. మొత్తం 124 బొమ్మలు. మెడకి డబ్బుసంచితోనే ఉరికి వేలాడుతున్న పిసినారి దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ‘పాపులారా, నడత మార్చుకోకపోతే కఠినమైన తీర్పు తప్పదు’ అని కింద లాటిన్‌లో చెక్కారు. ఎత్తుకొచ్చిన అస్థికల మీద కట్టిన గుడికి ఈ బోర్డు! పైగా ఫ్వా ఖైదీల సంకెళ్లు తెంచే తల్లి. ఆమె వెనక ఆ సంకెళ్లు వేలాడదీసి చెక్కారు.

రాత్రి భోజనాల దగ్గర సత్రం నడిపే పెద్దావిడని ఉండబట్టలేక అడిగేశాను. ‘దొంగతనమేమిటి? రావాలని లేకపోతే ఆమె వచ్చేదా?’ అంది, పళ్లెంలో ఇంకాస్త ఆలుగడ్డ ముద్ద వడ్డిస్తూ. ఫ్రెంచి విప్లవం రోజుల్లో గుడి బంగారం ప్రభుత్వం పట్టుకుపోకుండా ఊళ్లోవాళ్లు తలా ఒకటి ఇళ్లల్లో దాచి, గొడవ సద్దుమణిగాక తిరిగి తెచ్చిచ్చారు. ఈ సంగతి మాత్రం ఆవిడ అడక్కుండానే రెండుసార్లు చెప్పింది.

పొద్దున్నే చర్చి లోపలికి వెళ్లాను. రొదేస్‌లోనే పుట్టిన చిత్రకారుడు పియెర్ సులాజ్ చేసిన 104 కిటికీలు 1994లో పెట్టారు. రంగుల్లేవు, బొమ్మల్లేవు, పాలవంటి అద్దంలో నల్లని గీతలు. మొదట వెలితిగా అనిపించింది. ఎండ ఎక్కేకొద్దీ అద్దం నీలంగా, ఆపైన పసుపుగా మారడం చూశాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

బయటికొచ్చి సూట్‌కేసు భుజానికెత్తుకున్నాను. గుమ్మం శిల్పం అంచున రాతి మడత వెనకనుంచి తలలు మాత్రమే పైకెత్తి తొంగిచూసే చిన్న మొహాలున్నాయి. మూడుచక్రాల సూట్‌కేసుని అవి తీరిగ్గా చూశాయి.