రోడ్ల కంటే ముందే ఇళ్ళు వచ్చే ఊళ్ళలో

2000లో జనాభా లెక్కలు తీసినప్పుడు ఫ్రిస్కోలో ఉన్నది 33,714 మంది. 2020 నాటికి రెండు లక్షలు దాటారు. టెక్సస్‌లో డాలస్‌కి ఉత్తరాన ఉన్న ఈ ఊళ్ళో ఇప్పుడు ఖాళీ స్థలం పెద్దగా మిగల్లేదు. అందుకే కొత్తగా వచ్చేవాళ్ళు ప్రాస్పర్, సెలైనా, మెకిన్నీ, ప్రిన్స్‌టన్ వైపు పోతున్నారు. ఇరవై వేల జనాభా దాటిన ఊళ్ళను తీసుకుంటే, 2023 అంచనాల్లో అమెరికా మొత్తం మీద అన్నిటికంటే వేగంగా పెరిగింది సెలైనా, ఆ మరుసటి ఏడు ప్రిన్స్‌టన్. ఆ తాకిడికి ప్రిన్స్‌టన్ వాళ్ళు 2024లో కొత్త ఇళ్ళ కాలనీలకు అనుమతులివ్వడమే కొన్నాళ్ళు ఆపేశారు.

మేం న్యూజెర్సీ నుంచి వచ్చి ఇల్లు కొనుక్కున్నది ఈ చుట్టుపక్కలే. నా ఆఫీసు ప్లేనోలో, ఇల్లు త్రీఎయిటీ హైవేకి అవతల. న్యూజెర్సీ స్నేహితులు ఇప్పటికీ ఫోన్ చేసి "ఎలా ఉందండీ అక్కడ? మమ్మల్నీ వచ్చేయమంటారా?" అని అడుగుతుంటారు. నచ్చినవి ఇవీ, నచ్చనివి ఇవీ అని విడదీసి చెప్పడం నాకు కుదరదు. ఎందుకంటే ఇక్కడ సుఖం, కష్టం రెండూ ఒక్క కారణం నుంచే వచ్చాయి. ఊరు సిద్ధమయ్యేలోపే జనం వచ్చేశారు.

ముందు ఇంటి సంగతి. న్యూజెర్సీలో రెండు బెడ్‌రూమ్‌ల అపార్ట్‌మెంట్‌లో సర్దుకున్నవాళ్ళకి ఇక్కడి ఇళ్ళు చూస్తే ప్రాణం లేచొస్తుంది. కింద పెద్దవాళ్ళకొక గది, పూజ గది, తిరగమోత ఘాటు ఇల్లంతా పట్టకుండా వెనకాల ఇంకో చిన్న వంటిల్లు. బిల్డర్లు ఇవన్నీ ప్లాన్‌లోనే వేసి అమ్ముతున్నారు. తూర్పు ముఖం ఉన్న స్థలాలు ముందు అయిపోతాయని వాళ్ళకీ తెలుసు. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, కాబట్టి చేతికొచ్చే జీతం పెరుగుతుంది. ఇంతవరకూ అందరూ చెప్తారు.

ఆస్తి పన్ను గురించి మాత్రం చాలామంది పైపైన చెప్పి వదిలేస్తారు. ఆరు లక్షల డాలర్ల ఇంటికి రెండు శాతం చొప్పున చూసినా ఏడాదికి 12,000, అంటే నెలకి వెయ్యి. సొంతంగా ఉండే ఇంటికి హోమ్‌స్టెడ్ మినహాయింపు ఉంది. స్కూలు పన్ను వేసేటప్పుడు ఇంటి విలువలోంచి 2023లో లక్ష డాలర్లు తగ్గించారు, 2025లో దాన్ని 1,40,000 చేశారు. కొత్త కాలనీల్లో నీళ్ళు, డ్రైనేజీ, రోడ్లు వేసిన అప్పు తీర్చడానికి మడ్ అనో పిడ్ అనో ఇంకో వడ్డింపు ఉండొచ్చు. అసలు దెబ్బ రెండో ఏడాది తగులుతుంది. ఇక్కడ పన్ను జనవరి 1న ఇల్లు ఎలా ఉందో చూసి వేస్తారు. ఆ రోజుకి పునాది మాత్రమే పడి ఉంటే మొదటి ఏడాది బిల్లు దాదాపు స్థలానికే వస్తుంది. బ్యాంకు ఆ చిన్న బిల్లు ప్రకారం నెల వాయిదా లెక్కగట్టిందనుకోండి, మరుసటి ఏడాది పూర్తి ఇంటి మీద పన్ను పడగానే వాయిదా ఒక్కసారిగా పెరుగుతుంది, దానిమీద పాత లోటు కూడా కలుస్తుంది. మా వీధిలో ఒక జంట సరిగ్గా ఆ నెలలోనే పాపకి డేకేర్ మొదలుపెట్టారు. వాయిదా పెరిగిందన్న బ్యాంకు ఉత్తరం పట్టుకుని ఆవిడ మా ఇంటికొచ్చినప్పుడు ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఇల్లు అమ్మేటప్పుడే ఈ లెక్క కాగితం మీద రాసి చూపించాలని ఎవరైనా చట్టం చేస్తే బాగుండును.

ఇక రోడ్లు. ఇక్కడ ఇళ్ళు ముందొస్తాయి, రోడ్లు తర్వాత వస్తాయి. మేం వచ్చినప్పుడు మా కాలనీ ముందు రెండు లేన్ల దారి, పక్కన మొక్కజొన్న చేను. చేను పోయి ఇళ్ళొచ్చాయి, దారి మాత్రం అలాగే ఉంది. త్రీఎయిటీ మీద పొద్దున ఏడున్నరకి ఒక్కో సిగ్నల్ దగ్గర రెండు మూడు సార్లు ఎర్ర లైటు చూడాలి. డాలస్ నార్త్ టోల్‌వేని హైవే దాటించి సెలైనా వైపు పొడిగిస్తున్నారు. అది పూర్తయినా టోల్ ఖర్చు నెల బడ్జెట్‌లో ఒక భాగమని ముందే అనుకోవాలి.

బస్సూ లేదు, రైలూ లేదు. దీనికి కారణం ఏమిటని వెతికితే నాకొక విషయం తెలిసింది. టెక్సస్‌లో ఊళ్ళు వేసుకోగల స్థానిక అమ్మకపు పన్ను రెండు శాతం మించకూడదు. డాలస్ ప్రాంతపు రవాణా సంస్థ డార్ట్‌లో చేరాలంటే అందులో ఒక శాతం దానికి ఇవ్వాలి. ప్లేనో, అర్వింగ్ అలా చేరాయి. ఫ్రిస్కో చేరలేదు. ఆ ఒక శాతాన్ని సగం సగం చేసి కంపెనీలను రప్పించే సంస్థకీ, పార్కులు, స్టేడియాలు కట్టించే సంస్థకీ ఇచ్చింది. 2016లో డాలస్ కౌబాయ్స్ ఫుట్‌బాల్ టీమ్ తన ప్రధాన కార్యాలయాన్ని ఫ్రిస్కోకి మార్చింది, ఆ తర్వాత గోల్ఫ్ సంస్థ పీజీఏ కూడా వచ్చింది. ఉద్యోగాలూ పెరిగాయి, ఇళ్ళ ధరలూ పెరిగాయి. రైలు మాత్రం ప్లేనో దాకా వచ్చి ఆగిపోయింది. ఎయిర్‌పోర్టు నుంచి 2025 అక్టోబరులో మొదలైన సిల్వర్ లైన్ కూడా అక్కడికే.

దీని బరువు మోసేది డ్రైవింగ్ రానివాళ్ళు. మా అమ్మ ఖమ్మంలో పొద్దున్నే గుడికి, సాయంత్రం కూరగాయలకి నడిచే వెళ్ళేది. న్యూజెర్సీలో ఉన్నప్పుడు కూడా జెర్సీ సిటీ న్యూఆర్క్ అవెన్యూ పక్క వీధుల్లో తనకి తెలిసిన కొట్లుండేవి. ఇక్కడ గుమ్మం దాటితే ఇళ్ళు, ఇళ్ళ తర్వాత ఇంకా ఇళ్ళు. అయినా అమ్మ తనకొక దారి చేసుకుంది. వేసవిలో ఆరున్నరకల్లా కాలనీ చెరువు దగ్గరికి వెళ్తుంది. అప్పటికే చీరల మీద స్పోర్ట్స్ షూస్ వేసుకున్న నలుగురైదుగురు పెద్దావిడలు అక్కడుంటారు. ఒకావిడది తెనాలి, ఒకావిడది కరీంనగర్, ఇంకొకావిడ తమిళనాడు నుంచి. మూడు చుట్లు తిరిగి బెంచీ మీద కూర్చుని బీపీ మాత్రల దగ్గర్నుంచి కోడళ్ళ ఉద్యోగాల దాకా మాట్లాడుకుంటారు. ఎండ ముదిరేలోపు ఇళ్ళకి చేరతారు. ఆ ఎండ మనకి కొత్త కాదు. 2011లో డాలస్‌లో 71 రోజులు వంద డిగ్రీల ఫారెన్‌హైట్ లేదా అంతకన్నా ఎక్కువ ఎండ కాసింది. న్యూజెర్సీలో కుండీలో బతిమాలి పెంచిన గోంగూర ఇక్కడ పెరట్లో ఏపుగా నడుమెత్తు లేస్తుంది. కరివేపాకు, మల్లె మాత్రం చలికాలంలో గరాజ్‌లోకి తేవాల్సిందే.

వాతావరణంలో భయపెట్టేది వడగళ్ళు. మార్చి నుంచి జూన్ దాకా ఎప్పుడైనా పడొచ్చు. నిమ్మకాయంత వడగళ్ళు పడితే కారు అద్దాలు, ఇంటి పైకప్పు రెండూ పోతాయి. తెల్లారేసరికి రూఫింగ్ వాళ్ళు వీధంతా తలుపులు కొడుతుంటారు. ఇన్సూరెన్స్ ఉందిగదా అనుకుంటాం గానీ, పైకప్పుకి మన చేతి నుంచి పెట్టుకోవాల్సింది చాలా పాలసీల్లో ఇంటికి ఎంత బీమా చేశామో అందులో ఒకటో రెండో శాతం. ఆరు లక్షలకి బీమా ఉన్న ఇంటికి రెండు శాతమంటే పన్నెండు వేలు. పాలసీ తీసుకునేటప్పుడు ఈ ఒక్క అంకె అడిగి తెలుసుకోండి. నేల కూడా నల్లరేగడి లాంటి బంకమన్ను. వానకి ఉబ్బి, ఎండకి కుంచించుకుపోతుంది. పునాది పగలకుండా ఎండాకాలం ఇంటి చుట్టూ నీళ్ళు పెట్టాలి, సన్న చిల్లుల గొట్టం వేసి. అదే కారణానికి ఇళ్ళకి బేస్‌మెంట్లు కట్టరు. టోర్నడో సైరన్ మోగితే కిటికీ లేని బాత్‌రూమ్‌లోకో, మెట్ల కింది గదిలోకో వెళ్ళాలి. చాలా ఊళ్ళలో నెలలో మొదటి బుధవారం మధ్యాహ్నం 12 గంటలకు సైరన్‌ని పరీక్షిస్తారు. కొత్తవాళ్ళకి ఇది ముందే చెప్పకపోతే గుండె గుభేలుమంటుంది. 2021 ఫిబ్రవరి మంచు తుఫానుకి కరెంటు పోయి, పైపులు పగిలి ఇబ్బందిపడ్డ పాతవాళ్ళు ఇప్పటికీ చలి వార్త రాగానే బకెట్లు నింపుకుంటారు. వాళ్ళ మాట వినడం మంచిది.

మనుషుల సంగతికొస్తే, నాకు ఇక్కడ అన్నిటికంటే నచ్చింది అందరూ కొత్తవాళ్ళే కావడం. మా పాప స్కూల్లో చేరిన రోజు క్లాసులో సగం మంది ఆ ఏడాదే వచ్చినవాళ్ళు. ఎవరికీ పాత స్నేహాల గుంపు లేదు, కాబట్టి ఎవరూ ఒంటరిగా మిగల్లేదు. ఇల్లు మారిన రోజున పక్కింటి వాళ్ళు, అప్పటికి పేరు కూడా తెలియదు, పప్పు, దొండకాయ వేపుడు తెచ్చి కౌంటర్ మీద పెట్టి వెళ్ళారు. ఫ్రిస్కో హనుమంతుడి గుడిలో మంగళవారం సాయంత్రం నిలబడితే ఎవరో ఒకరు పలకరిస్తారు. కూచిపూడి నేర్పేవాళ్ళు, సంగీతం చెప్పేవాళ్ళు, కర్రీ పాయింట్లు, వీకెండ్ క్రికెట్, దేనికీ కొదవ లేదు.

అంతా మనవాళ్ళే కావడంలో ఒక నష్టమూ ఉంది. పార్టీకి వెళ్తే మాటలన్నీ ఎవరి ఇల్లు ఎన్ని చదరపు అడుగులు, ఎవరు ఏ హైవే పక్కన ల్యాండ్ కొన్నారు అన్న దగ్గరే తిరుగుతాయి. కాగితాలు సరిగా చూడకుండా పదిమందితో కలిసి పొలాల్లో డబ్బు పెట్టి ఏళ్ళ తరబడి తిరుగుతున్న కుటుంబాలు నాకు తెలుసు. పిల్లలు కూడా ఈ పోటీ వింటూ పెరుగుతున్నారు. అది నాకు బాధగా ఉంటుంది.

ఇక్కడ ముందునుంచీ ఉన్నవాళ్ళ బాధ ఇంకొకటి. 2022 ఆగస్టులో ప్లేనోలో ఒక పార్కింగ్ స్థలంలో భారతీయ మహిళలను తిట్టి, కొట్టిన వీడియో అందరం చూశాం. దాన్ని సమర్థించేది ఏమీ లేదు. కానీ అందరూ అలాంటివాళ్ళు కారు. మా దగ్గర రోడ్డు గురించి ఊరి కౌన్సిల్ సమావేశానికి వెళ్ళినప్పుడు ఒక ముసలాయన మైకు దగ్గరికొచ్చాడు. టోపీ తీసి చేతిలో పట్టుకుని, తమ పొలంలోంచి ఎడమవైపు తిరగడానికి పొద్దున పూట చాలాసేపు ఆగాల్సొస్తోందని, ఒక సిగ్నల్ పెట్టించమని అడిగాడు. అంతే, ఎవరినీ ఒక్క మాట అనలేదు. నేను అడగడానికి వెళ్ళింది కూడా ఆ సిగ్నల్ కోసమే. నా వంతు వచ్చినప్పుడు ఆయన చెప్పిందే నిజమని చెప్పాను. గదిలో తెలుగువాళ్ళు ముగ్గురమే ఉన్నాం. ఇన్ని వేలమందిమి ఉండి ముగ్గురమే వెళ్ళడం సరిపోదని నా గట్టి అభిప్రాయం. వీసా మీద ఉన్నవాళ్ళకి ఓటు ఉండదు గానీ, పన్ను కట్టే ఇంటివాళ్ళుగా అక్కడ మాట్లాడవచ్చు.

వీసా మాట వచ్చింది కాబట్టి ఉద్యోగం గురించి. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజులు గడువు. ఆ లోపు ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా వేరే దారి చూసుకోవాలి. అద్దె ఇంట్లో ఉంటే సామాన్లు సర్దుకోవచ్చు. కొత్త ఇల్లు కొన్న ఏడాదికే ఇది జరిగితే, పక్క కాలనీలో బిల్డర్ ఇంకా కొత్త ఇళ్ళు తగ్గింపు ధరకి అమ్ముతుంటే, మన ఇల్లు ఎవరు కొంటారు? ఊరు పెరుగుతూనే ఉండడం వల్ల వచ్చే చిక్కు ఇదే. మా టీమ్‌లో ఒకాయనకి అలా జరిగినప్పుడు అందరం తెలిసినవాళ్ళకి రెజ్యూమెలు పంపాం. ఆయనకి ఉద్యోగం దొరికింది, కానీ నార్త్ కరొలైనాలోని చార్లెట్‌లో. ఇంట్లో అద్దెకి ఎవరినో పెట్టి వెళ్ళారు, వచ్చే అద్దె వాయిదాకి చాలదు.

అందుకే అడిగినవాళ్ళందరికీ మొదటి ఏడాది అద్దెకే ఉండమంటాను. ఒక వడగళ్ళ కాలం, ఒక ఎండాకాలం చూడండి, ఆఫీసుకి వారానికి ఎన్ని రోజులు పిలుస్తున్నారో తేలనివ్వండి. న్యూజెర్సీ ఎడిసన్ నుంచి మా వదినావాళ్ళు వచ్చే వారం ఇళ్ళు చూడటానికి వస్తున్నారు. వాళ్ళ ఏజెంట్ ఆదివారం అన్నాడట. మంగళవారం పెట్టుకోమన్నాను. పొద్దున ఏడున్నరకి కాలనీలోంచి ప్లేనో దాకా ఒకసారి కారు నడిపి చూశాకే అడ్వాన్స్ సంగతి మాట్లాడమన్నాను.