పుణెలో సీటు సులువే, మా మండలంలో సంతకమే కష్టం

సినిమా చదువులు చెప్పే కేంద్ర సంస్థ, పుణె ఎఫ్‌టీఐఐలో (ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా) ఎడిటింగ్ కోర్సుకు నా ధ్రువపత్రాల పరిశీలన నిన్ననే పూర్తయింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

అర్హతల దగ్గర చిక్కేమీ లేదు. ఎడిటింగ్‌కు, దర్శకత్వానికి ఏ డిగ్రీ అయినా చాలు. సౌండ్ కోర్సుకు మాత్రం ఇంటర్లో ఫిజిక్స్ ఉండాలి. ప్రవేశ పరీక్ష హైదరాబాద్‌లోనే రాశాను. కోచింగ్ పేరుతో వేలకు వేలు గుంజేవాళ్లకు పైసా కట్టకండి. అంతకన్నా ఆ డబ్బుతో మంచి సినిమాలు చూడండి, చూసినవాటి గురించి రోజూ ఒక పేజీ రాయండి. నేను చేసింది అంతే.

అసలు కథ ఓబీసీ సర్టిఫికెట్‌ది. రాష్ట్రంలో మాది బీసీ-బి. కేంద్ర సంస్థలకు ఆ కాగితం పనికిరాదు. వాళ్ల నమూనాలో ఏ, బీ, సీ, డీ అక్షరాలు ఉండవు. మన కులం కేంద్ర జాబితాలో ఉందనీ, మనం క్రీమీ లేయర్‌లోకి (ఓబీసీల్లో రిజర్వేషన్ వర్తించని పైవర్గం) రామనీ తహసీల్దారు ధ్రువీకరించాలి. మీసేవలో దరఖాస్తు పెడితే మామూలు బీసీ-బి కాగితమే చేతికొచ్చింది. ఇది కాదండీ అని తహసీల్దారు కార్యాలయానికి వెళ్తే, గుమాస్తా గారు తలెత్తకుండానే "ఏం కోర్సు?" అన్నారు.

"సినిమా ఎడిటింగ్ అండీ."

అప్పుడు తలెత్తారు. "సినిమాల్లో చేరడానికి కూడా కులం కాగితం కావాలా? హీరోవా, విలన్‌వా?" వరుసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. పక్కన మా నాన్న ఉన్నారు. ప్రభుత్వ పాఠశాలలో సెకండరీ గ్రేడ్ టీచరు, ఆ గుమాస్తా గారి అబ్బాయికి ఎక్కాలు నేర్పిన మనిషి. గుమాస్తా గారు నాన్న చేతిలోని జీతం చీటీ లాక్కుని, ఆకుపచ్చ పెన్నుతో అందులోని మొత్తం అంకె చుట్టూ సున్నా చుట్టి, వెనకున్నవాళ్లకు కూడా కనిపించేలా పైకెత్తి పట్టుకున్నారు. (ఆకుపచ్చ సిరా గుమాస్తాకు ఎవరిచ్చారో!) "ఏడాదికి 8 లక్షలు దాటింది. క్రీమీ లేయర్. పొండి." మా నాన్న ఒక్క మాట అనలేదు. దారిలో కూడా మాట్లాడలేదు.

ఆ రాత్రి కూర్చుని కేంద్ర సిబ్బంది శాఖ 1993 సెప్టెంబరు 8న ఇచ్చిన మెమో చదివాను. ఆదాయ పరిమితి లెక్కలో జీతాన్నీ, వ్యవసాయ ఆదాయాన్నీ కలపకూడదని అందులో స్పష్టంగా ఉంది. ప్రభుత్వ ఉద్యోగుల పిల్లల విషయంలో చూడాల్సింది తల్లిదండ్రుల ఉద్యోగ హోదా, జీతం కాదు. 2017 నుంచి ఉన్న 8 లక్షల పరిమితి కూడా మిగతా రాబడులకే. ఆ వాక్యం కింద ఎర్రగీత గీసి మళ్లీ వెళ్లాను. "నువ్వేమైనా లాయరువా?" అన్నారు. సెక్షన్లు మాట్లాడే సినిమావాణ్ని ఎప్పుడూ చూడలేదట. చివరికి సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో మెమో నకలు జతచేసి అర్జీ పెట్టాను. ఆ వారంలోనే సర్టిఫికెట్ తయారైంది. అదే కౌంటరు, అదే మనిషి. ఈసారి "కూర్చో బాబూ" అన్నారు. నేను నిలబడే తీసుకున్నాను.

తెలియక వెనక్కి తిరిగిపోయినవాళ్లు ఇంకెందరో! కాగితం చేతికిచ్చే మనిషికి ఆ కాగితం మీద ఏముండాలో తెలియకపోతే, శిక్ష మాత్రం మన పిల్లలకా?

పుణెలో ఓరియంటేషన్, ఇంటర్వ్యూ హాయిగా గడిచాయి. ప్రభాత్ స్టూడియో ఆవరణలో 1960లో మొదలైన సంస్థ అది. బెంగాలీ సినీ దర్శకుడు ఋత్విక్ ఘటక్ పాఠాలు చెప్పిన చోటు. మగ్గం మీద పనిచేసే నేతగాణ్ని ఎన్ని షాట్లలో చూపిస్తావని అడిగారు. మా ఇంట్లో మగ్గం ఉంది, నన్నా అడిగేది! వాళ్లే చాలనేదాకా చెప్పాను.

మరొక మాట. రంగులు సరిగా గుర్తించలేనివారు ఇక్కడ చేరకూడదని చాలామంది ఇప్పటికీ అనుకుంటున్నారు. ఆ కారణంతో ఎవరినీ ఏ కోర్సు నుంచీ దూరం పెట్టవద్దని సుప్రీంకోర్టు 2022లోనే చెప్పింది. ధైర్యంగా దరఖాస్తు చేయండి.

ఆ మెమోకు మరికొన్ని నకళ్లు తీయించి ఇంట్లో పెట్టి వచ్చాను. మా చెల్లెలు వచ్చే ఏడాది నీట్ రాస్తుంది. తనూ ఆ కౌంటరుకే వెళ్లాలి.