ముందు 108, తర్వాత మావయ్య

"వీధి వీధంతా లేపేశావు కదే, నా కారు లేదేటి?" అని మావయ్య అందరి ముందూ అన్నాడు, పది రోజులైనా ఆ మాట మనసులోంచి పోవట్లేదు. సెలవుకి గాజువాక వచ్చిన నాలుగో రోజు తెల్లవారుజామున నాన్న మంచినీళ్ళు తాగుతుంటే ఒక పక్క నుంచి కారిపోతున్నాయి, మూతి వంకర పోయింది, మాట ముద్దగా వస్తోంది. వెంటనే 108కి చేశాను. రెండిళ్ళ అవతలుండే మావయ్యకి ఆ తర్వాతే చెప్పాను, ఆయనకి తగిలింది అదే. విదేశం వెళ్ళి మారిపోయిందంట.

మారాను, నిజమే. ఇంగ్లండ్‌లో, లెస్టర్‌లో, పెద్దవాళ్ళని చూసుకునే కేర్ హోమ్‌లో నైట్ డ్యూటీలు చేస్తాను. చేరిన కొత్తలో ఒక పెద్దావిడకి సరిగ్గా ఇలాగే అయితే, ముందు పెద్దవాళ్ళకి చెప్పాలి కదా అని మా సీనియర్ కోసం ఫ్లోరంతా వెతికాను. ఆవిడ వస్తూనే "ఎన్నింటికి మొదలైంది?" అంది, చెప్పలేకపోయాను. స్ట్రోక్‌కి, అంటే పక్షవాతానికి, రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, అదీ స్కాన్ తీశాకే. "ముందు 999, తర్వాత నేను" అంది (అక్కడ మన 108 లాంటి నంబర్ అదే), అంతే, ఇంక తిట్టలేదు. కానీ ఆ రాత్రంతా ఏడుస్తూనే ఉన్నాను.

అలాగని ప్రతిదానికీ చేసెయ్యమనట్లేదు. అక్కడ జ్వరం, నడుంనొప్పి లాంటివాటికి 111 ఉంది, సైకిల్ పోతే పోలీసులకి 101. ఊపిరి ఆడకపోవడం, గుండెల్లో నొప్పి, రక్తం ఆగకపోవడం, మూతి వంకర, చెయ్యి పడిపోవడం, వీటికి మాత్రం 999, ఇంకో ఆలోచన లేదు. ఫోన్ ఎత్తినవాళ్ళు ముందు అడిగేది పేషంట్ ఊపిరి తీసుకుంటున్నారా అనే. పొరపాటున చేస్తే కట్ చెయ్యకుండా పొరపాటని చెప్పాలి, లేకపోతే ఏమైందోనని వాళ్ళు వెతుక్కుంటారు.

మనకీ 108 2005 నుంచీ ఉంది, ఇప్పుడు 112 కూడా. అయినా మన చెయ్యి ముందు బావ నంబర్‌కే పోతుంది, అది తప్పని అనలేను, ఎందుకంటే ఆరోజు చెప్పకుండానే పక్కింటివాళ్ళు లుంగీల మీదే పరిగెత్తుకొచ్చారు, ఎదురింటి ఆటో అబ్బాయి నాన్నని ఎత్తుకుని మెట్లు దింపాడు. లెస్టర్‌లో నాకేమైనా అయితే ఒక్క తలుపు తెరుచుకోదు, ఫోన్‌లో ఆ గొంతే నాకు దిక్కు. కానీ మావయ్య కారులో షీలానగర్ దాటకముందే నాన్నకి ఊపిరి ఆగిపోతే మేమిద్దరం ఏం చేసేవాళ్ళం? అంబులెన్స్‌లో ఆక్సిజన్ ఉంది, ఏం చెయ్యాలో తెలిసిన మనిషి ఉన్నాడు.

నాన్న ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తున్నారు. మావయ్య రోజూ వచ్చి చూసి వెళ్తున్నాడు, నాతో మాత్రం మాట్లాడట్లేదు. ఎల్లుండి నా ఫ్లైట్. ఈలోపు వాళ్ళింటికెళ్ళి చెప్పాలి, నువ్వు పరాయివాడివని కాదు మావయ్యా, నాకు ఆ టైమ్ లేదు అని.