కొబ్బరి చిప్పలో టిలాండ్సియా

నా టిలాండ్సియాని, అదే ఎయిర్ ప్లాంట్ అంటారే ఆ మొక్కని, ఊరికే ముట్టుకున్నానంతే, మధ్య ఆకులన్నీ చేతిలోకి ఊడొచ్చేశాయి. అడుగంతా కుళ్లిన ఉల్లిపాయలా నల్లగా, మెత్తగా.

తప్పు నాదే. పోయిన వారం అరగంట నీళ్లలో నానబెట్టి, తలకిందులుగా ఆరబెట్టకుండానే తీసుకెళ్లి అందంగా ఉంటుందని కొబ్బరి చిప్పలో కూర్చోబెట్టాను. పర్లాకిమిడి ముసురులో బట్టలే రెండ్రోజులకి ఆరట్లేదు, ఇక ఇదేం ఆరుతుంది!

దీనికి మట్టి అక్కర్లేదు, వేళ్లు పట్టుకోడానికే, నీళ్లు ఆకులే తాగుతాయి అని అమ్మకి చెప్తే "అంటే బదనికేగా" అంది. కాదమ్మా, బదనిక చెట్టు రసం పీలుస్తుంది, ఇది ఎవరి జోలికీ పోదు అన్నాను.

"నీ పర్సు జోలికి వచ్చిందిగా, మూడొందలు."

పక్కన చిన్న పిలక ఒకటి గట్టిగానే ఉంది. దాన్ని దారంతో కిటికీ ఊచకి కట్టాను, ఫ్యాన్ గాలి తగిలేలా.