సెండైలో మగవాళ్ల మెరుపు దుస్తులు

టోక్యో నుంచి హయబుసా రైల్లో సెండైకి గంటన్నర ప్రయాణం. నేను వెళ్లింది ఫిగర్ స్కేటింగ్ కోసం, అంటే సంగీతానికి తగ్గట్టు మంచు మీద జారుతూ, గాల్లోకి లేచి తిరుగుతూ చేసే ఆట కోసం. అందులోనూ మగ స్కేటర్లు వేసుకునే దుస్తులంటే నాకున్న ఇష్టం కొద్దీ. 2014లో సోచీలో, 2018లో ప్యాంగ్‌చాంగ్‌లో ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన యుజురు హన్యూ పుట్టి పెరిగిన ఊరది. ఆయనకు ముందు మగవాళ్లలో వరసగా రెండు ఒలింపిక్స్ గెలిచినవాడు డిక్ బటన్, అదీ 1948, 1952లలో.

సెండై స్టేషన్‌లో తోజాయి లైన్ మెట్రో ఎక్కితే మూడో స్టేషన్ కొకుసాయి సెంటర్. దానికి కాస్త ముందు రైలు భూమిలోంచి పైకి వచ్చి హిరోసె నదిని దాటుతుంది. స్టేషన్ బయట స్కేటర్ల స్మారక ఫలకాలున్నాయి. ఒకటి 2006లో టూరిన్‌లో ఒలింపిక్ స్వర్ణం గెలిచిన షిజుకా అరకావాది. ఆమె కూడా ఈ ఊళ్లోనే పెరిగింది. హన్యూవి రెండు, ఒక్కో ఒలింపిక్స్‌కు ఒకటి.

ప్యాంగ్‌చాంగ్ ఫలకం ముందు చాలాసేపు నిలబడిపోయాను. అందులో ఆయన 'సెయిమెయి' అనే తన స్కేటింగ్ ప్రదర్శన దుస్తుల్లో ఉన్నాడు. సుమారు వెయ్యేళ్ల కిందటి హెయాన్ కాలంలో జపాన్ కులీన పురుషులు తొడిగిన కరిగిను అనే అంగీని ఆధారం చేసుకుని డిజైనర్ సతోమి ఇతో వాటిని తయారు చేసింది. అసలు కరిగిను వదులుగా, వెడల్పాటి చేతులతో ఉంటుంది. దాన్ని ఉన్నదున్నట్టు తొడుక్కుని గాల్లో నాలుగు చుట్లు తిరగడం కుదరని పని. పైకి లేచిన స్కేటర్ చేతులు ఛాతీకి బిగించుకోవాలి. గాల్లో ఉండేది ముప్పావు సెకనుకు అటూ ఇటూగా. గుడ్డ గాలికి ఉబ్బినా, మోచేతి దగ్గర పట్టేసినా దిగేటప్పుడు కింద పడాల్సిందే. అందుకే సాగే పల్చటి గుడ్డ ఎంచుకుంటారు. నిలబడితే ఆ కాలపు మనిషిలా కనిపించాలి, తిరిగేటప్పుడు మాత్రం ఒంటికి అంటుకుపోవాలి. పైన కుట్టిన రాళ్లకూ బరువుంటుంది. దుస్తుల్లోంచి ఈకో పూసో ఊడి మంచు మీద పడితే ఒక పాయింటు కోత. ఇంత లెక్క ఉన్న పనిని 'ఆడపిల్లలా మెరుపులు' అని తీసిపారేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఆ మాట ఈ ఆటలో కొత్తది కాదు. బ్రిటిష్ స్కేటర్ జాన్ కర్రీ చిన్నప్పుడు బ్యాలే నేర్చుకుంటానంటే, అది మగపిల్లలకు తగదని తండ్రి ఒప్పుకోలేదు. స్కేటింగ్ ఆటే కాబట్టి సరేనన్నాడు. ఆ పిల్లవాడు బ్యాలేను మంచు మీదికే తీసుకొచ్చి 1976లో ఇన్స్‌బ్రుక్‌లో స్వర్ణం గెలిచాడు. 1984లో సరయేవోలో గెలిచిన అమెరికన్ స్కాట్ హామిల్టన్ పూసలూ తళుకులూ వదిలేసి, స్పీడ్ స్కేటర్లు వేసుకునేలాంటి సాదా సూట్‌కు మారాడు. స్కేటింగ్‌ను జనం క్రీడగా చూడాలన్నది ఆయన తపన. ఆయన కోరిక నాకు అర్థమవుతుంది. కానీ క్రీడాకారుడని నిరూపించుకోవడానికి మగవాడు చొక్కా మీది మెరుపు తీసేయాల్సి రావడమే నాకు మింగుడుపడదు.

జానీ వీయర్ సంగతి ఇంకా నొప్పిగా ఉంటుంది. 2006లో టూరిన్‌లో హంస వేషంలో స్కేట్ చేసిన అమెరికన్ ఆయన. 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో ఆయన తీరు చూసి ఇద్దరు టీవీ వ్యాఖ్యాతలు, ఈయనకు లింగ పరీక్ష చేయించాలన్నట్టు మాట్లాడారు. తర్వాత క్షమాపణ చెప్పారనుకోండి. నాలుగేళ్లకు సోచీలో హన్యూ స్వర్ణం గెలిచినప్పుడు ఫ్రీ స్కేట్‌లో, అంటే పోటీలోని రెండో, పొడవాటి భాగంలో, వేసుకున్నది ఆ వీయర్ డిజైన్ చేసిన దుస్తులే. ఈ విషయం తలచుకున్నప్పుడల్లా నాకు ఎంతో సంతోషంగా ఉంటుంది.

ఫలకాల దగ్గర్నుంచి నడిచే దూరంలోనే గోషికినుమ అనే చిన్న చెరువుంది. జపాన్‌లో ఫిగర్ స్కేటింగ్ పుట్టిన చోటుగా దాన్ని గుర్తుంచుకుంటారు. గట్టున ఒక స్కేటింగ్ జంట విగ్రహం ఉంది. చూడ్డానికి ఐదు నిమిషాలు చాలు.

పక్కనే సెండై సిటీ మ్యూజియం. దారిలో ఉంది కదా అని వెళ్లాను గానీ, నేను వెతుకుతున్నది అక్కడే దొరికింది. సెండైని నెలకొల్పిన యుద్ధవీరుడు దతె మసమునె ధరించాడని చెప్పే జిన్‌బయోరి, అంటే కవచం మీద వేసుకునే చేతుల్లేని అంగీ, ఈ మ్యూజియం సేకరణలో ఉంది. ఊదా రంగు ఉన్ని గుడ్డ, దాని నిండా రకరకాల రంగుల్లో గుండ్రటి చుక్కలు! నేను వెళ్లిన రోజు అసలుది ప్రదర్శనలో లేదు, బొమ్మలోనే చూశాను. అయినా కళ్లు తిప్పుకోలేకపోయాను. శిరస్త్రాణం మీద పెద్ద నెలవంక పెట్టుకుని యుద్ధాలు చేసిన మనిషి, ఊదా రంగు మీద చుక్కలు వేసుకున్నాడు. ఆయన మగతనాన్ని ఎవరూ ప్రశ్నించలేదు. రంగులూ అలంకారమూ మగవాడివి కావని ఎవరో ఎప్పుడో మధ్యలో తెచ్చిపెట్టారన్నమాట. హన్యూ మెరుపుల అంగీని ఈ అంగీ పక్కన ఊహించుకుంటే రెండూ ఒకే ఊరివని ఇట్టే తెలిసిపోతుంది.

చివరగా ఇజుమి వార్డులోని ఐస్ రింక్ సెండై అనే స్కేటింగ్ మైదానానికి వెళ్లాను. 2011 మార్చి 11న భూకంపం వచ్చినప్పుడు పదహారేళ్ల హన్యూ ఇక్కడే ప్రాక్టీసు చేస్తూ, కాళ్లకు స్కేట్లతోనే బయటికి పరుగెత్తాడు. రింక్ దెబ్బతిని కొన్ని నెలలు మూతపడింది. ఇప్పుడు లోపల పిల్లలు తిరుగుతున్నారు. మగపిల్లలూ ఆడపిల్లలూ దాదాపు అందరూ ఒంటికి అతుక్కున్న నల్లటి ప్రాక్టీసు బట్టల్లోనే ఉన్నారు. దూరం నుంచి ఎవరు ఎవరో పోల్చడం కష్టం. ఒకే దూకుడు, పడితే ఒకే దెబ్బ.

పోటీ అనేసరికి మాత్రం తేడా వచ్చేస్తుంది. దుస్తులు హుందాగా ఉండాలి, సంగీతంలోని పాత్రకు తగ్గట్టు ఉండొచ్చు అని అంతర్జాతీయ స్కేటింగ్ సంఘం నియమం. అంతవరకూ బాగానే ఉంది. ఆడవాళ్లకు 2004 నుంచి ప్యాంటు వేసుకునే వీలు కూడా వచ్చింది. మగవాళ్లు మాత్రం పూర్తి పొడవు ప్యాంటే వేసుకోవాలన్న వాక్యం ఏళ్ల తరబడి అలాగే ఉంటూ వచ్చింది. చాలామంది మగ స్కేటర్లు ఎలాగూ ప్యాంటే ఇష్టపడతారు, వేసుకోనివ్వండి. తన పాత్రకు ఇంకేదో కావాలనిపించిన ఒక్క కుర్రాడి కోసమైనా ఆ వాక్యాన్ని కొట్టేయాలని నా కోరిక.