లిబెరెత్స్‌లో కొండగోగు బంక

చెక్ దేశ రాజధాని ప్రాగ్ నుంచి బస్సెక్కితే గంట పైచిలుకు ప్రయాణం లిబెరెత్స్. ఒకప్పుడు ఉన్ని మిల్లులకు పేరుపడ్డ ఊరు. ఆ నేత విద్యే ఇక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయంలో నానో పోగుల పరిశోధనగా ఎదిగింది. విద్యుత్తుతో అతి సన్నటి పోగులు తీసే నానోస్పైడర్ యంత్రం పుట్టింది ఈ ఊళ్లోనే.

పోస్ట్‌డాక్‌గా, అంటే పీహెచ్‌డీ తర్వాతి పరిశోధనకు, ఇక్కడికి వచ్చాక నాకు అప్పగించిన పదార్థం కొండగోగు బంక. మన ఏజెన్సీలో గిరిజనులు చెట్ల నుంచి తీసి, గిరిజన సహకార సంస్థకు అమ్ముతారే, అదే! మంచు కురిసే ఊళ్లో, ల్యాబ్ సీసా మీద ఆ పేరు చూసి ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

మామూలుగా వెండి నానో కణాలు తయారు చేయడానికి సోడియం బోరోహైడ్రైడ్, హైడ్రజీన్ లాంటివి వాడతారు. హైడ్రజీన్ అయితే విషం. ఈ బంకకు ఆ రెండూ అక్కర్లేదు. బంక నీళ్లలో కాస్త సిల్వర్ నైట్రేట్ అనే వెండి లవణం కలిపి, ఆటోక్లేవ్‌లో (ప్రెషర్ కుక్కర్ లాంటి యంత్రం) 121 డిగ్రీల దగ్గర పెడితే చాలు. రంగులేని ద్రావణం పసుపుపచ్చగా బయటికొస్తుంది. బంకలోని చక్కెర గొలుసులు, ప్రొటీన్లే వెండి అయాన్లను కణాలుగా మార్చి, అవి ఒకదానికొకటి అంటుకోకుండా చుట్టూ పట్టి ఉంచుతాయి. ఈ పద్ధతిని 2010లోనే హైదరాబాద్ శాస్త్రవేత్తలు ప్రచురించారు. ఆ సంగతి ఇక్కడ ఎవరు అడిగినా గర్వంగా చెబుతాను.

అయితే మొక్క నుంచి వచ్చింది కాబట్టి మంచిదే అనుకోవడాన్ని నేను ఒప్పుకోను. హరిత రసాయన శాస్త్రానికి (గ్రీన్ కెమిస్ట్రీ) 1998లో రసాయన శాస్త్రవేత్తలు అనస్టాస్, వార్నర్ రాసిన 12 సూత్రాల్లో మొదటిది, వ్యర్థం పుట్టాక శుభ్రం చేయడం కంటే అసలు పుట్టకుండా చూడమని. బంక వాడినా సిల్వర్ నైట్రేట్ వాడక తప్పదు, కణాలు కడిగిన నీళ్లలో వెండి మిగులుతుంది. మా ల్యాబ్ టెక్నీషియన్ మొదటి వారమే సింకు చూపించి, "ఇందులో ఒక్క చుక్క కూడా పోయొద్దు. ఇక్కడి నీళ్లు నీసా నదిలో పడి బాల్టిక్ సముద్రం దాకా పోతాయి" అంది. ఆ కడుగునీళ్లన్నీ లేబుల్ అంటించిన డబ్బాల్లోకే వెళ్తాయి.

శరీరానికి పనికొస్తుందా అన్నది ఇంకా పెద్ద పరీక్ష. బాక్టీరియాను చంపే వెండి, మోతాదు మించితే మన చర్మ కణాలనూ చంపుతుంది. వైద్య పరికరాల పరీక్షకు వాడే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 10993-5 ప్రకారం బతికిన కణాలు 70 శాతం కంటే తగ్గితే ఆ పదార్థానికి విషగుణం ఉండొచ్చని లెక్క. గాయాల మీద వేసే పట్టీల కోసం మేం ఈ బంక, వెండి కణాలతో పోగులు తీస్తున్నాం కాబట్టి, ఆ ఫలితాలు వచ్చే రోజు నాకు ఎప్పుడూ టెన్షనే.

ఇక బంక ఏ లాటుకు ఆ లాటే. ఏ అడవి, ఏ కాలం, ఎన్నాళ్లు నిల్వ ఉంది అన్నదాన్ని బట్టి చిక్కదనం మారుతుంది, పోగు మందమూ మారుతుంది. యూరప్‌లో అదే ప్రయోగం మళ్లీ చేస్తే అవే ఫలితాలు వస్తాయా అని గట్టిగా అడుగుతారు, అడగాలి కూడా. బంక తీయడానికి కాండం మీద అడ్డదిడ్డంగా గాట్లు పెడితే చెట్టే చచ్చిపోతుంది. చెట్టు పోతే దాని మీద బతికే ఇంటికి ఆ రాబడీ పోతుంది. అందుకే ఇప్పుడు రాస్తున్న పేపర్లో బంక ఏ ప్రాంతానిదో, ఏ కాలంలో తీసిందో, ఎలా తీశారో పద్ధతుల భాగంలోనే రాస్తున్నాను. కంపెనీ పేరు, కేటలాగ్ నంబరు రాస్తే సరిపోతుంది కదా అంటున్నారు సహ రచయితలు. నేను ఒప్పుకోలేదు.